పాలెగాళ్ల రక్తమా, ఖజానా లెక్కా?

రాయలసీమలో ముఠాకక్షలు ఎందుకు పుట్టాయని అడిగితే చాలామంది నోట ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది: అది పాలెగాళ్ల గడ్డ, ఆ రక్తమే అంత. సినిమావాళ్లు ఈ జవాబును సుమోలతో, వేటకొడవళ్లతో ఏళ్ల తరబడి తెర మీద తిప్పారు. పత్రికలూ అదే రాశాయి. చివరికి సీమవాళ్లలోనే కొందరు మీసం మీద చెయ్యేసి ఒప్పుకున్నారు. అయితే ఈ జవాబులో పెద్ద లోటుంది. కత్తి పట్టినవాడు మాత్రమే ఇందులో కనిపిస్తాడు. ఆ కత్తికి జీతమిచ్చినవాడు, అవసరం తీరాక దాన్ని లాక్కున్నవాడు, దాని రాబడిలో వాటా తిన్నవాడు ఎక్కడా కనిపించరు.

అంతరిక్షపు కథల్లో తరచూ ఒక ఎండిన గ్రహం ఉంటుంది. అక్కడి రేవుల్లో దొంగ ముఠాలు, కోటలో లంచం మరిగిన సామ్రాజ్యపు అధికారి, ఇద్దరికీ కప్పం కట్టి బతికే జనం. తెలుగు పిల్లలు వాటిని నోరు తెరుచుకుని చూస్తారు. అలాంటి గ్రహం కోసం చుక్కల దాకా పోనక్కర్లేదు. కుందూ పక్కన నల్లరేగడి నేలలో ఉన్న కోయిలకుంట్ల తాలూకా చరిత్ర చాలు. ఇక్కడ 1800 నుంచి 1847 దాకా జరిగినది చదివితే, ఏది రాజ్యమో ఏది ముఠానో గీత గీయడం ఎంత కష్టమో తెలుస్తుంది.

ముందు పాలెగాళ్ల సంగతి. విజయనగర కాలంలో ఊళ్లకు, దారులకు, కనుమలకు కావలి కాయడం, అడిగినప్పుడు సైన్యం పంపడం వీళ్ల పని. అందుకు బదులుగా భూములు, కావలి రుసుములు. 1565 తర్వాత పైనున్న రాజ్యం కూలింది కానీ కింద వీళ్ల పాలేలు కూలలేదు. గోల్కొండ వచ్చింది, మొఘలులు వచ్చారు, కడప నవాబులు వచ్చారు, మరాఠా దండులు వచ్చిపోయాయి, హైదరు, టిప్పు, చివరికి నిజాం. ప్రతి కొత్త దొరకీ పన్ను కావాలి, వసూలు చేసే యంత్రాంగం మాత్రం లేదు. కాబట్టి ఉన్న పాలెగాడితోనే బేరం. కట్టగలిగినంత కట్టు, మిగతాది నీ ఇష్టం. దొర బలంగా ఉన్న ఏడు పాలెగాడు పేష్కషు, అంటే కప్పం, కట్టేవాడు, దొర బలహీనపడిన ఏడు పక్క ఊరు దోచేవాడు. కోయిలకుంట్ల చుట్టుపక్కలే నొస్సం, ఉయ్యాలవాడ, హనుమంతుగుండం వంటి పాలేలు ఉండేవి.

వీళ్లలో రైతును కాపాడినవాళ్లున్నారు, చెరువులు తవ్వించినవాళ్లున్నారు, రైతును పీల్చి పిప్పి చేసినవాళ్లూ ఉన్నారు. కాలిన్ మెకంజీ పురమాయించి రాయించిన కైఫీయత్తుల్లో ఈ మూడు రకాలూ కనిపిస్తారు. కరణాలు చెప్పగా రాసుకున్న ఆ ఊరి కథల్లో దానశాసనం పక్కనే దోపిడీ కూడా నమోదైంది. పాలెగాడిని దేవుణ్ణి చేసేవాళ్లూ, దొంగను చేసేవాళ్లూ ఆ కైఫీయత్తులు ఒకసారి తిరగేస్తే మంచిది.

1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని నిలుపుకున్నందుకు అయ్యే ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, నేటి నంద్యాల జిల్లాలో కొంత భాగం కంపెనీ చేతికి వెళ్లాయి. అందుకే ఈ నేలకు దత్త మండలాలన్న పేరు వచ్చింది. కర్నూలు పట్నం, దాని చుట్టుపక్కల ఇలాకా మాత్రం నవాబుల కిందే ఉండి, 1839లో గులాం రసూల్ ఖాన్‌ను దించేసినప్పుడు కంపెనీలో కలిశాయి. కోయిలకుంట్ల అప్పట్లో కడప కలెక్టరు కింద ఉండేది. కర్నూలు జిల్లాలోకి మారింది 1858లో.

అరాచకం తొలగించి చట్టం తెచ్చామని కంపెనీ చెప్పుకుంది. ఆ మాట నమ్మే ముందు మద్రాసులో ఆ కంపెనీ నడిచిన తీరు చూడాలి.

ఆర్కాటు నవాబు మహమ్మదాలీకి అప్పులిచ్చిన ముఠా ఒకటి మద్రాసులో ఉండేది. అందులో ఉన్నది కంపెనీ ఉద్యోగులే. పగలు కంపెనీ కొలువు, లోపాయికారీగా నవాబుకు భారీ వడ్డీకి అప్పు. వడ్డీ కింద నవాబు జిల్లాల శిస్తు రాసిచ్చేవాడు. ఆ ముఠాలో అందరికంటే పేరు మోసినవాడు పాల్ బెన్‌ఫీల్డ్. వీళ్ల దారికి అడ్డొచ్చిన గవర్నరు లార్డ్ పిగట్‌ను 1776లో ఆయన కౌన్సిలు సభ్యులే అరెస్టు చేయించారు. మరుసటి ఏడు ఆయన నిర్బంధంలోనే చనిపోయాడు. ఒక రాష్ట్రపు గవర్నరును వడ్డీవ్యాపారుల బృందం బంధించిందన్నమాట. 1785లో ఎడ్మండ్ బర్క్ లండన్ పార్లమెంటులో ఈ అప్పుల మీద గంటల కొద్దీ ప్రసంగించాడు. అయినా అప్పులు చెల్లుబాటయ్యాయి. చెల్లించింది ఆర్కాటు నవాబు రాజ్యంలోని రైతు.

తెలుగు నేలకు ఇంకా దగ్గరి ఉదాహరణ రంబోల్డ్ కుటుంబం. సర్ థామస్ రంబోల్డ్ 1778 నుంచి 1780 దాకా మద్రాసు గవర్నరు. ఉత్తర సర్కారుల జమీందార్లను కౌలు ఖరారు పేరుతో మద్రాసుకు పిలిపించి, వాళ్ల దగ్గర డబ్బు గుంజాడని ఆరోపణలొచ్చాయి. కంపెనీ డైరెక్టర్లు ఆయన్ని తొలగించారు, పార్లమెంటులో విచారణ మొదలై చల్లబడింది, శిక్ష పడలేదు. ఆయన మనవడు సర్ విలియం రంబోల్డ్ హైదరాబాదులో పామర్ కంపెనీలో భాగస్తుడు. ఆ కంపెనీ నిజాం ప్రభుత్వానికి ఏటా నూటికి ఇరవైకి పైన వడ్డీకి లక్షలు అప్పిచ్చింది. ఆనాటి గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ ఇంట పెరిగిన అమ్మాయి విలియం రంబోల్డ్ భార్య. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ వ్యవహారం తవ్వి తీశాడు. అప్పు తీర్చడానికి నిజాం ఉత్తర సర్కారుల మీద తనకు ఏటా రావాల్సిన పేష్కషును శాశ్వతంగా వదులుకున్నాడు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. పాలెగాడు ఊరి మీద పడి ఎత్తుకెళ్లేది ధాన్యం, గొడ్లు. ఈ కోటు తొడుక్కున్న ముఠాలు జిల్లాలకు జిల్లాలే ఎత్తుకెళ్లాయి. మొదటివాడికి చరిత్ర పుస్తకం బందిపోటు అని పేరు పెట్టింది, రెండోవాడికి బారొనెట్ బిరుదు మిగిలింది.

ఇప్పుడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల ప్రధాన కలెక్టరు. సీమలో ఆయన మీద గౌరవం ఇప్పటికీ ఉంది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఊళ్లున్నాయి, మంత్రాలయంలో, గండిలో ఆయన చుట్టూ మహిమల కథలున్నాయి. ఊరూరా గుడారం వేసుకుని తిరిగి, రైతుతో తెలుగులో మాట్లాడి, పొలం పొలం కొలిపించిన మనిషి ఆయన. లంచం ముట్టలేదు. 1827లో గవర్నరుగా ఉండి ఈ జిల్లాలు చూడటానికి వచ్చి పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆ గౌరవం ఊరికే రాలేదు.

కానీ లెక్కలు వేరే కథ చెబుతాయి. మన్రో వచ్చేనాటికి ఇక్కడ దాదాపు 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30 వేల మంది ఆయుధం పట్టిన బంట్లు ఉన్నారని అంచనా. ఆయన ఎంచుకున్న దారి ఏమిటంటే, పేష్కషును కట్టలేనంతగా పెంచడం, కట్టకపోతే జనరల్ క్యాంబెల్ సైన్యంతో కోటలు పట్టుకోవడం, పాలేన్ని రద్దు చేసి నెలకింత భరణం పడేయడం. ఈ కరకుదనం లండన్‌లోని డైరెక్టర్లకే మింగుడు పడలేదు. అయినా పని జరిగిపోయింది. 1801లో శిస్తు కట్టబోమని ఎదురుతిరిగిన తెర్నేకల్ గ్రామస్తులను కంపెనీ సైన్యం అణిచేసింది. ఏడేళ్లలో దత్త మండలాల భూమి శిస్తు ఒకటిన్నర రెట్లయింది.

శిస్తు మోయలేనంతగా ఉందని మన్రోకే తెలుసు. 1807లో వెళ్లేముందు నాలుగోవంతు తగ్గించమని, బావి, చెరువు కింద భూములకు ఇంకొంచెం తగ్గించమని సిఫారసు చేశాడు. యుద్ధాల ఖర్చుల్లో ఉన్న కంపెనీ వినలేదు. ఒక్కో రైతుతో నేరుగా శిస్తు ఖరారు చేసుకునే రైతువారీ పద్ధతినే పక్కనపెట్టి ఊళ్లకు ఊళ్లు మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గుత్తకిచ్చింది. వేలంలో పాడినవాడు రైతును పిండాడు, పిండలేనివాడు తానే దివాలా తీశాడు. మన్రో గవర్నరై తిరిగొచ్చాకే, 1820లో, ఆ తగ్గింపు అమలైంది. మధ్యలో పోయిన పదమూడేళ్లలో ఎన్ని గొడ్లు, ఎన్ని మడకలు జప్తయ్యాయో!

పాలెగాళ్లు పోయిన చోటికి తాసిల్దారు వచ్చాడు. ఒక్కో పొలం శిస్తు ఖరారు చేసేది, మాఫీ రాసేది, వసూలు చేసేది, పోలీసు పనీ చూసేది అతనే. ఇంత అధికారం, దానికి తగని జీతం. దేశీయ ఉద్యోగులను పెద్ద పదవులకు దూరంగా ఉంచి, కొద్దిపాటి జీతాలతో సరిపెడితే నిజాయితీ ఎలా నిలుస్తుందని మన్రోనే మినిట్లు అనే తన అధికారిక వ్యాఖ్యల్లో అడిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఫలితం 1855లో మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదికలో బయటపడింది. ఆ కమిషన్ రావడానికి కారకుల్లో ముఖ్యుడు ఒక తెలుగువాడు, మద్రాసు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. క్రెసెంట్ పత్రిక నడిపి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి, డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుణ్ణి ఇక్కడికి రప్పించి రైతుల గోడు వినిపించాడు. వందల మంది మద్రాసు దాకా నడిచొచ్చి కమిషన్ ముందు చెప్పుకున్నారు. వాళ్లు చెప్పినది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కిట్టి అనే రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం. మెడకు తాడు కట్టి, దాన్ని కాలి బొటనవేలికి బిగించి, వంచిన నడుము మీద రాయి పెట్టి ఎండలో నిలబెట్టడం. ఇదంతా శిస్తు బకాయి కోసం, చాలాసార్లు రూపాయి, రెండు రూపాయల కోసం. హింస జరిగిందని కమిషన్ ఒప్పుకుంది, తప్పంతా కింది దేశీయ నౌకర్ల మీదికి తోసింది. ఈ నివేదికను కార్ల్ మార్క్స్ 1857 సెప్టెంబరులో న్యూయార్క్ పత్రికలో ఎత్తిచూపాడు.

1846లో తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను ఈ పరిస్థితుల మధ్య పెట్టి చూడాలి. మజ్జారి నరసింహారెడ్డి ఉయ్యాలవాడ పాలెగాళ్ల వంశీకుడు. పాలెం పోయి, వచ్చే భరణం కూడా కుటుంబంలో వాటాలుగా చీలి, ఆయనకు దక్కేది నెలకు 11 రూపాయల పైచిలుకు. తల్లివైపు తాత నొస్సం జయరామిరెడ్డి పెద్ద పాలెగాడు. ఆ వంశం అంతరించాక అక్కడి భరణంలో భాగమడిగితే ప్రభుత్వం కాదంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కట్టుబడి ఇనాముల మీద కంపెనీ కన్నేసింది. ఊరికి కావలి కాసినందుకు తరతరాలుగా బంట్లు అనుభవిస్తున్న మాన్యాలవి. అనుభవిస్తున్నవాడు చనిపోతే భూమి సర్కారుదేనన్నారు. ఒక్క దెబ్బతో వేల ఇళ్ల గుండెల్లో రాయి పడింది.

కర్నూలు జిల్లా మాన్యువల్ రాసిన గోపాలకృష్ణమ చెట్టి 1886లో ఈ రెండు కారణాలూ పక్కపక్కనే పెట్టాడు. ఆయన డిప్యూటీ కలెక్టరు, ప్రభుత్వ పక్షాన రాసినవాడు. అయినా తిరుగుబాటుకు కారణం రక్తంలో ఉందనలేదు. ఆపిన భరణం, లాక్కోబోయిన ఇనాము అన్నాడు. ఆయన మీద వచ్చిన సైరా సినిమా రెండో కారణాన్ని దేశభక్తిలో కలిపేసి, మొదటిదాన్ని దాటేసింది. రెండూ చెబితేనే ఆ మనిషి పూర్తిగా అర్థమవుతాడు. తన సొంత గాయం ఉండబట్టే ఆయనకు కట్టుబడి బంట్ల గాయం అర్థమైంది.

జనం చెప్పుకునే కథలో ఇంకో ముక్క ఉంది. భరణం తెమ్మని పంపిన మనిషిని కోయిలకుంట్ల తాసిల్దారు అవమానించి తరిమాడని, దానికి జవాబుగా ఫలానా రోజు ఖజానా కొడతానని రెడ్డి ముందే కబురు పెట్టాడని. 1846 జులై 10న ఆయన దండు కోయిలకుంట్ల మీద పడింది. తాసిల్దారు రాఘవాచారి, ఖజానా కాపలావాళ్లు హతమయ్యారు. దొరికిన సొమ్ము ఎనిమిది వందల పైచిలుకు రూపాయలని చెబుతారు. సైన్యం నడపడానికి అదేపాటి సొమ్ము? ఆ రోజు అసలు దెబ్బ డబ్బుకు తగల్లేదు. శిస్తు పుస్తకాలు, వేలి కిట్టీలు, జప్తు కాగితాలు కొలువుండే ఆఫీసుకు తగిలింది.

దండులో ఎవరున్నారన్నదీ ముఖ్యమే. సేనాని వడ్డె ఓబన్న, గురువు గోసాయి వెంకన్న. వడ్డెలు, బోయలు, చెంచులు, ఇనాము పోతుందని భయపడ్డ బంట్లు. పాలెగాడి కులంవాళ్ల దండయాత్రగా దీన్ని కుదించడం కుదరదు. ఏటా జనవరి 11న ప్రభుత్వం ఓబన్న జయంతి జరపడం మొదలుపెట్టాక ఈ సంగతి కొత్త తరానికి కొంతైనా తెలుస్తోంది.

తర్వాత మూడు నెలలు గిద్దలూరు వైపు, నల్లమల అంచున తరుముకోవడాలు. లెఫ్టినెంట్ వాట్సన్, కెప్టెన్ నాట్ వెంటపడ్డారు. అక్టోబరు 6న పేరుసోముల కొండ మీద రెడ్డి దొరికిపోయాడు. కడప కలెక్టరు కాక్రేన్ విచారణ నడిపాడు. వందల మందిని పట్టుకున్నారు, వందమందికి పైగా శిక్షలు పడ్డాయి. 1847 ఫిబ్రవరి 22 ఉదయం కోయిలకుంట్లలో, జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరి తీశారు. తలను కోటలో ఇనుప పంజరంలో వేలాడదీశారు. అది 1877 దాకా, అంటే ముప్ఫై ఏళ్లు అలాగే ఉంది.

ఆ ముప్ఫై ఏళ్లలో కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది, తుంగభద్ర నీళ్లతో కర్నూలు కడప కాలువ తవ్వారు, 1866 కరువు వచ్చింది. ఆ కరువులో ఉయ్యాలవాడకే చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేల మందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఒకే ఊరివాళ్లలో ఒకరికి పంజరం, ఒకరికి పతకం. జనం మాత్రం ఇద్దరి మీదా పాటలు కట్టి ఒకే గొంతుతో పాడుకున్నారు. తంగిరాల వెంకటసుబ్బారావు ఆ పాటలను, రికార్డులను కలిపి పరిశోధించి, ఈ నేల పాత పేరు మీద ఇద్దరినీ రేనాటి సూర్యచంద్రులన్నారు. పంజరం దించిన 1877లో ధాత కరువు ఊళ్లను ఊడ్చేస్తోంది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగోవంతు తగ్గిపోయింది. తిరుగుబాటుదారుడి తలకు ముప్ఫై ఏళ్లు కాపలా పెట్టిన రాజ్యం, ఆకలి వచ్చినప్పుడు మనుషులను కాపాడలేకపోయింది.

ఇక ముఠాకక్షలు. పాలెగాళ్ల నుంచి ఫ్యాక్షన్ దాకా తిన్నగా ఒక గీత గీయాలనుకునేవాళ్లకు అడ్డొచ్చేది కాలం. 1847 తర్వాత పాలెగాళ్ల బంట్లు లేరు, కోటలు పాడుబడ్డాయి. మనమెరిగిన ఫ్యాక్షన్ స్వాతంత్ర్యం వచ్చాక, ముఖ్యంగా పంచాయతీలు, సమితులు వచ్చాక పెరిగింది. సర్పంచి పదవి, సారా వేలం పాట, కాలువ పని, రోడ్డు కాంట్రాక్టు, నాపరాయి క్వారీ, మంగంపేట ముగ్గురాయి. వాన మీద ఆధారపడిన సేద్యంలో మిగులు లేనప్పుడు డబ్బు వచ్చే దారి సర్కారు పని ఒక్కటే, అది ఒకడికే దక్కుతుంది. దక్కించుకోవడానికి ఊరి ఓట్లు ఒక చేతిలో ఉండాలి. ఆ చేతిలో ఉండటానికే నాటుబాంబు. మానవ హక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ సీమ ఫ్యాక్షన్ మీద రాసినవన్నీ ఈ వైపే చూపిస్తాయి. కథల్లో కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ సీమ మనిషిని చూపిన తీరు వేరు. అక్కడ ఎండిన చేను, అప్పు, భయంతో పడుకునే ఇల్లు కనిపిస్తాయి.

2008లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల ముఠా నాయకుడితో కలిపి 11 మంది ఒకే దాడిలో హతమయ్యారు. తర్వాత కోర్టులో యావజ్జీవ శిక్షలు పడ్డాయి. మగవాళ్లు కొందరు శ్మశానానికి, కొందరు జైలుకు పోయాక ఊళ్లో మిగిలింది ఆడవాళ్లు, పిల్లలు. జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకుని పనులు చేయించడం వార్తయింది. చేయాల్సిన పనే. కానీ ఒక అధికారి దత్తత తీసుకునే దాకా ఆ ఊరు సర్కారుకు ఎవరి ఊరుగా కనిపించిందన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఫ్యాక్షన్ తగ్గిందన్నది నిజం. అయితే డబ్బు దారి మారిందన్నదీ అంతే నిజం. 2011–12లో ఏసీబీ దాడులు చేసినప్పుడు మద్యం సిండికేట్ల లెక్క పుస్తకాల్లో నెలవారీ మామూళ్లు తీసుకున్న ఉద్యోగుల సంగతి బయటికొచ్చింది. దత్త మండలాల పాత సరిహద్దులోనే, బళ్లారి–అనంతపురం అంచున, ఓబులాపురం ఇనుప గనుల్లో రాష్ట్రాల హద్దు రాళ్లే చెరిగిపోయాయి. సంతోష్ హెగ్డే లోకాయుక్త నివేదిక 2011 జులైలో కర్ణాటక ముఖ్యమంత్రి పదవికే ఎసరు తెచ్చింది. ఆ గనుల యజమాని గాలి జనార్దనరెడ్డిని సీబీఐ అదే ఏడాది సెప్టెంబరులో అరెస్టు చేసింది. 2025 మే నెలలో హైదరాబాదు సీబీఐ కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది, తర్వాత హైకోర్టు దాని అమలును నిలిపింది. ఆ తీర్పులో గనుల శాఖ మాజీ డైరెక్టరు కూడా దోషే. గని తవ్వినవాడూ, గనికి కాపలా ఉండాల్సినవాడూ ఒకే బోనులో నిలబడ్డారు.

ఎర్రచందనం సంగతి ఇంకా బాధ. శేషాచలం, పాలకొండలు, దక్షిణ నల్లమల తప్ప ఆ చెట్టు సహజంగా పెరిగే చోటు లోకంలో దాదాపు లేదు. దుంగ దేశం దాటి చైనా చేరేసరికి కోట్లు. కొట్టేవాడికి దక్కేది కూలి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలే. దుంగ రేవు దాటించే పెద్దలెవరూ ఆ అడవిలో లేరు.

ఇలా చూస్తే రాయలసీమ వింత భూమేమీ కాదు. సిసిలీలో 1876లో తిరిగి నివేదిక రాసిన లియొపోల్డో ఫ్రాంకెట్టి అక్కడ హింస ఒక పరిశ్రమలా నడుస్తోందన్నాడు. దూరాన ఉన్న భూస్వామి, చేతకాని రాజ్యం, మధ్యలో రక్షణ అమ్ముకునే గుత్తేదారు. సామాజిక శాస్త్రవేత్త డీగో గాంబెట్టా 1993లో మాఫియాను ప్రైవేటు రక్షణ వ్యాపారంగా వివరించాడు. చార్లెస్ టిల్లీ 1985లో ఇంకో అడుగు ముందుకేసి, ఐరోపా రాజ్యాలు పుట్టిందే ఇలాంటి రక్షణ వ్యాపారంలోంచి అన్నాడు. ప్రమాదాన్ని సృష్టించేదీ, దాన్నుంచి కాపాడతానని కప్పం అడిగేదీ ఒకరే. జనం మెచ్చిన బందిపోట్ల గురించి ఎరిక్ హాబ్స్‌బామ్ రాస్తే, వాళ్లలో చాలామంది చివరికి పెద్దల చేతి మనుషులేనని ఆంటన్ బ్లోక్ వాదించాడు. నరసింహారెడ్డికి ఇద్దరి మాటా పూర్తిగా అతకదు. ఆయన ఏ పెద్దల చేతి మనిషీ కాదు. ఆయన ఎదుట ఉన్నది రాజ్యం. కావలి కాసినవాణ్ణి భరణగాడిగా, భరణగాణ్ణి బందిపోటుగా మార్చింది ఆ రాజ్యమే.

తీర్పు చెప్పాల్సి వస్తే ఇదీ: సీమ హింసకు వంశం కారణమన్న వాదన నిలవదు. ఖజానా తాళం ఎవరి చేతిలో ఉంది, ఆ చేతిని అడిగేవాడు ఉన్నాడా లేడా అన్నదే ప్రతి కాలంలోనూ ఇక్కడి రక్తపాతాన్ని పెంచింది, తగ్గించింది. సీమ పిల్లవాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో గది అద్దెకడిగితే బాంబులు తెస్తావా అని వేళాకోళమాడేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

2019లో సైరా సినిమా వచ్చింది, 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. సంతోషమే. మిగిలిన పని ఒకటుంది. కడపలో సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం మెకంజీ కైఫీయత్తులను అచ్చేసి తెలుగువాళ్లకు ఎంత మేలు చేసిందో, 1846–47 కేసు కాగితాలకూ అంత మేలు జరగాలి. కలెక్టరు ఉత్తరాలు, సాక్షుల వాంగ్మూలాలు, శిక్ష పడిన వందమందికి పైగా మనుషుల పేర్లు, ఊళ్లు, కులవృత్తులు, చనిపోయిన తాసిల్దారు, కాపలా బంట్ల వివరాలు, అన్నీ పూర్తిగా తెలుగులో పుస్తకంగా రావాలి. యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు కలిసి పూనుకుంటే ఇది కష్టమైన పని కాదు. ఆ పుస్తకం మొదటి ప్రతి కోయిలకుంట్ల గ్రంథాలయానికి చేరాలి.